అమ్మను అడిగిన దాయమ్మ

మనవరాలు సుజాత కాళ్ళకు నీరు పట్టిందని పొద్దున పొయ్యి మీద ఆముదం వెచ్చబెడుతుంటే, ఫలక్‌నుమాలోని ఈ ఇరుకు గదుల్లోంచి ఆ వాసన నన్ను కార్వాన్‌లో మేముండిన పెంకుటింటికి లాక్కుపోయింది. అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ రాయడం నాకు రాదు; నేను చెబుతుంటే సుజాతే నిండు కడుపు మీద పుస్తకం ఆనించుకుని రాస్తోంది. ఆముదం అంటే నాకు దాయమ్మ చేతులు.

దాయమ్మ పేరు ఖైరున్నీసా. మా గల్లీలో కాన్పులు చేసేది. ఎవరింట్లో పిల్ల పుట్టినా, వాళ్ళు బొట్టు పెట్టేవాళ్ళయినా నమాజు చేసేవాళ్ళయినా, ముందు ఆమె చేతుల్లో పడాల్సిందే. రంజాన్‌కు ఆమె పంపిన గిన్నెలో షీర్ ఖుర్మా తాగి, గిన్నె ఖాళీగా పంపకూడదని మా నాయనమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెట్టి నాతో పంపేది. ఆషాఢం వచ్చిందంటే పెంకుల మీద వాన చప్పుడు, గల్లీ మూలన మొక్కజొన్న కంకులు కాల్చే పొగ, అరుగు మీద చింతగింజలతో మా అష్టాచెమ్మ ఆట, దూరం నుంచి డప్పులు, అమ్మవారి బోనం కోసం కొత్త కుండకు పసుపూ సున్నమూ పూసి వేపమండలు కడుతూ చెంపలో తంబాకు తిప్పుకునే నాయనమ్మ గొణుగుడు, కుండలో బెల్లమన్నం పొంగుతున్న వాసన. అన్నీ కలిసి ఒకటే ముద్దగా ఉన్నాయి నా లోపల, విడదీసి చెప్పమంటే చెప్పలేను.

అట్లాంటి ఆషాఢంలోనే, తమ్ముడు కడుపులో ఉండగా, అమ్మను చూడ్డానికి దాయమ్మ వచ్చింది. చాప మీద పడుకోబెట్టి, ఆముదం చేతులతో పొట్టంతా మెల్లగా తడిమింది, ఒకచోట ఆగి మళ్ళీ తడిమింది. తర్వాత లేచి నిలబడింది.

"అందరు బయటికి నడువుండ్రి. పెద్దమ్మా, నువ్వు గూడ."

"ఏందే, నా ఇంట్ల నుంచి నన్నే ఎల్లగొడ్తున్నవా?" అని నాయనమ్మ లేచింది.

"కడుపు నీదా, ఆమెదా? ఆమెతోని మాట్లాడేదున్నది. నీ లొల్లి తర్వాత."

ఏ ఇంట్లోనైనా అది ఆమె పద్ధతి. కడుపుతో ఉన్న ఆడమనిషితో ఒంటరిగా మాట్లాడనిదే కాన్పుకు ఒప్పుకునేది కాదు. అమ్మ నా పావడా అంచు గట్టిగా పట్టుకుంది, అందుకని నేను మిగిలాను. దాయమ్మ నా గుడ్డబొమ్మను తీసుకుని దిండు గలీబులో అడ్డంగా పెట్టి అమ్మకు చూపించింది.

"బిడ్డ గిట్ల అడ్డం పండుకున్నది యాదమ్మా. దానంతటదే తిరగొచ్చు, తిరగకపోవచ్చు. తిరగకముందే నొప్పులొస్తె నా చేతుల ఏం లేదు. నూనె రాసి గుంజి తిప్పుతమనేటోళ్ళున్నరు, నేను తిప్ప. పానం మీదికొస్తది. ముందుగాలనే దవాఖానకు పోతే వాళ్ళు చూస్తరు, కాకుంటే కోసి తీస్తరు. కోత నొప్పి మస్తుంటది. నీ మనుషులను లోపలికి రానియ్యరు. మంచీ చెడ్డా రెండూ చెప్పిన. ఇగ నీ దిల్ల ఏమున్నదో నువ్వు చెప్పు."

మా అమ్మను అట్లా ఎవరూ ఎన్నడూ అడగలేదు. చీర రంగు కూడా నాయనమ్మే చెప్పేది. అమ్మ అడిగిన మొదటి మాట ఇది.

"కోస్తే నేను మల్ల బోనం ఎత్తుకుంటనా దాయమ్మా?"

దాయమ్మ నవ్వలేదు. "ఈ యేడు నక్కో బేటీ, వద్దు. గాయం మంచిగ మానినంక ఎత్తుకో. నేను గూడ గల్లీల నిలబడి చూస్త."

ఆ తర్వాత అమ్మ అడుగుతూనే పోయింది. పాలు పడతాయా, మెలకువ ఉంటుందా, బిడ్డ ఏడుపు తనకు వినిపిస్తుందా. తెలిసింది చెప్పింది దాయమ్మ, తెలియనిదాన్ని "నాకెర్క లేదు, డాక్టరమ్మను అడుగు" అంది.

తలుపు తీశాక అమ్మ మెల్లగానే చెప్పింది. "నొప్పులు రాకముందే నేను దవాఖానకు పోత."

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "నా బిడ్డను మింగిన దవాఖాన! పోయింది మల్ల రాలే! అమ్మవారికి మొక్కుదం, తల్లే తిప్పుతది."

మా మేనత్త కాన్పుకు పోయి అక్కడే చనిపోయిందని అందరికీ తెలుసు.  అమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. "మొక్కుదం అత్తా. మొక్కి, దవాఖానకు గూడ పోదం."

పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో రోజంతా చీరలు మడతబెట్టే మా బాపు, సాయంత్రం ఇంటికొచ్చి, తల్లి మొహమూ పెళ్ళాం మొహమూ చూడలేక చూరు వైపు చూస్తూ, "ఆమె ఎట్లంటే అట్లనే" అన్నాడు.

దవాఖాన లోపలికి తనను రానివ్వరు గనుక, అక్కడ ఎట్లా అడగాలో దాయమ్మ అమ్మకు నేర్పింది. రోజూ అమ్మ బియ్యం చెరుగుతుంటే, మెడలో బాపు తువ్వాలు వేసుకుని, చేతిలో గరిటెతో నేను డాక్టరమ్మను. పొట్ట మీద గరిటె పెట్టగానే అమ్మ, "ఏం జేస్తున్నరమ్మా? ఎందుకు జేస్తున్నరు?" అనాలి. సిగ్గుతో సగం మాట మింగేది. "గట్టిగ!" అని నేను కసిరేదాన్ని. నాయనమ్మ మూల నుంచి, "సూడుండ్రి, డాక్టరమ్మకే పరీక్ష పెడ్తదట!" అని మూతి తిప్పేది. మూడోసారికో నాలుగోసారికో ఆమె కూడా నవ్వేది. ఎన్ని ఆటలాడానో గానీ అంత బాగున్న ఆట ఇంకోటి లేదు.

బిడ్డ తిరగలేదు. అమ్మ వెళ్ళిననాడు దాయమ్మ దవాఖాన మెట్ల మీదే కూర్చుందట. ఇంట్లో నాయనమ్మ తంబాకు ముట్టలేదు, ముద్ద ముట్టలేదు, నన్ను ఒళ్ళోంచి దింపలేదు. కోత గాయం కాస్త మానాక రిక్షాలో అమ్మ తమ్ముడితో దిగితే, నాయనమ్మ మనవణ్ణి అందుకోలేదు. ముందు అమ్మ మొహాన్ని రెండు చేతులతో తడిమింది, ఉందో లేదో చూసుకున్నట్టు.

"అడిగినవా?" అన్నాను నేను.

"అడిగిన బిడ్డా. నర్సమ్మ కసిరింది. మల్ల అడిగిన. డాక్టరమ్మ మంచం మీద కూసొని చెప్పింది."

ఆ ఇల్లు ఇప్పుడు గాజుల గోదాము. ఆ గల్లీలో కంకుల పొగ లేదు, గిన్నెలు అటూ ఇటూ నడవవు. దాయమ్మ పోయింది, నాయనమ్మ పోయింది, అమ్మా పోయింది. నా కాన్పులప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు, నాకూ అడగాలని తోచలేదు. తోడున్న మా ఆయన కూడా వెళ్ళిపోయాడు.

మొన్న సుజాతను సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. కాన్పులు చేయడానికే ప్రత్యేకంగా చదువుకున్న నర్సమ్మ ఒకామె దాన్ని కూర్చోబెట్టి, ఇది మంచి, ఇది ఇబ్బంది అని అన్నీ చెప్పి, "నీకేమనిపిస్తుందమ్మా?" అని అడిగింది. కసరలేదు. సుజాత భయం లేకుండా గలగలా మాట్లాడింది. ఆటోలో తిరిగి వస్తుంటే, ఇంటికి పోగానే ఈ సంగతి అమ్మకు చెప్పాలి అనుకున్నాను. వాకిట్లో దిగి తాళం తీస్తుంటే గుర్తొచ్చింది, ఈ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరూ లేరని.