మా చెల్లెలు మానేసిన ‘ఊ’

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ మూడుసార్లు “ఉన్నావా?” అని అడిగాను. మూడుసార్లూ “వింటున్నానక్కా, చెప్పు” అంది. మా ఆయన పడక కుర్చీలోంచి, సిగ్నల్ లేదేమో వరండాలోకి వెళ్లమన్నారు. సిగ్నల్‌కేం లోటు లేదు. ఎదుటివాళ్లు చెబుతున్నంతసేపూ మా చెల్లెలు ‘ఊ’ అనదు. నోరు మూసుకుని చివరిదాకా వింటుంది, విన్నాక అవునంటే అవును, కాదంటే కాదు అంటుంది. హైదరాబాదులో దాని కింద పాతికమంది పనిచేస్తారు. వాళ్లకూ మొదట్లో ఇదే అవస్థట, ఫోను కట్టయిందనుకుని మళ్లీ చేసేవాళ్లట. ఊ మానేసి ఇరవయ్యేళ్లు దాటింది. ఎందుకు మానేసిందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అసలు దానికి ఊ కొట్టడం నేర్పినదాన్నీ నేనే.

మాది చల్లపల్లి అవతల పల్లెటూరు. అయిదో తరగతితో నా బడి ఆగింది. ఆ తర్వాత రెండేళ్లకు చెల్లెలు పుట్టింది. అమ్మ పొలం వెళితే దాన్ని చంకనేసుకు తిరగడం నా ఉద్యోగం. కాస్త మాటలు వచ్చాక దానికి కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ చెప్పేదాన్ని. చేతులు జిగటగా ఉండేవి, నోట్లో నీళ్లూరేవి. మా ఇద్దరికీ ఒకటే షరతు, ఊ ఆగితే కథ ఆగుతుంది. దాని ఊల్లో ఎన్ని రకాలో! భయపడ్డ ఊ, నమ్మని ఊ, రాక్షసుడు చచ్చాక వచ్చే పొడుగాటి ఊ. ఒకసారి రాజకుమారి పెళ్లిదాకా చెప్పుకొచ్చి చూద్దును కదా, పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. నిద్రలోనే ఊ కొడుతోంది. నేను కూడా ఆపలేదు, పెళ్లి భోజనాలు కూడా చెప్పి లేచాను.

నాకు పెళ్లయి బెజవాడ వచ్చాక, దాని చదువంతా మా ఇంట్లోనే సాగింది. ఏలూరు కాలవ గట్టు దగ్గర రెండు గదుల వాటా మాది. డిగ్రీ అయింది, కంప్యూటర్ కోర్సు అయింది, బెంజి సర్కిల్ దగ్గర ఒక మేడ మీద చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. బిజినెస్ అనలిస్టు అన్నారు. ఆ మాటకు అర్థం అడిగితే అది ఇలా చెప్పింది: ఒక మిల్లుకో ఫ్యాక్టరీకో వెళ్లి, అక్కడ పని ఎలా జరుగుతుందో చేసేవాళ్లనే అడిగి, విని, ఒక్క ముక్క పోకుండా రాయాలి. ఆ కాగితాలు చూసి సాఫ్ట్‌వేర్ వాళ్లు కంప్యూటర్లో అమరుస్తారు. “అంటే ఊ కొట్టే ఉద్యోగమన్నమాట” అన్నాను. నవ్వింది గానీ కాదనలేదు. ఆఫీసర్లకు నోరు విప్పని మేస్త్రీలు కూడా దానికి మాత్రం ఇంట్లో సంగతులతో సహా చెప్పేసేవారట. అయిదేళ్లు అలా మంచి పేరు తెచ్చుకుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, హనుమాన్ జంక్షన్ అవతల ఒక రొయ్యల కంపెనీ వాళ్లు వ్యాపారమంతా ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ మీదికి మారుద్దామనుకున్నారు. ప్లాట్‌ఫారం అనేవారు దాన్ని. మా ఆయన “ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మరదలా, మన స్టేషన్లో పది ఉన్నాయి” అని రోజూ ఏడిపించేవారు. అక్కడి పని రాసుకు రావడానికి మా చెల్లెలు ఇరవై రోజులు బస్సులో తిరిగింది. సాయంత్రం గుమ్మంలోకి రాగానే జుట్టంతా రొయ్యల వాసన. దొడ్లో కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తలంటుతుంటే ఆ రోజు విన్నదంతా చెప్పేది. అప్పుడు ఊ కొట్టేది నేను.

ఆ షెడ్డులో రొయ్యల తలలు తీసేవాళ్లంతా ఆడవాళ్లే, కొల్లేటి వైపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో చేతులు పెట్టి, నిలబడి చేసే పని. వాళ్లు విడివిడిగా రారు, జట్టుగా వస్తారు. జట్టుకి పన్నెండు మంది. పన్నెండు జతల చేతులు బల్ల దగ్గర ఉండాలి, అంతే లెక్క. ఒకామెకు జ్వరమొస్తే ఆమె తోడికోడలు వస్తుంది, కోడలు పురిటికి వెళితే అత్త వస్తుంది. చోటు మనిషిది కాదు, ఇంటిది. ఇదంతా విడమరిచి చెప్పింది ఆ జట్టు పెద్దావిడ. అరవై దగ్గర పడ్డ మనిషి, వేళ్ల చివర్లు నాని తెల్లగా పాలిపోయి ఉండేవట. మా చెల్లెలు ఆవిడను పెద్దమ్మా అని పిలిచేది. జట్టు గురించే పదకొండు పేజీలు రాసుకుంది. ఆఖరి రోజున ఆవిడ, “కంప్యూటర్ వచ్చినా మా జట్టు మాకుంటది గదమ్మా?” అని అడిగిందట. మా చెల్లెలు తల వంచుకుని రాసుకుంటూ ఊ అంది.

తర్వాత ప్లాట్‌ఫారం తెలిసిన కన్సల్టెంట్లు మద్రాసు నుంచి వచ్చారు. పదకొండు పేజీలూ తిరగేసి, జట్టు అనేదానికి ఇందులో చోటు లేదు, మనిషికొక నంబరు, మనిషికొక కార్డు అన్నారట. చోటు నిజంగా లేదా, వెతకలేదా అని అడుగుదామంటే ప్లాట్‌ఫారం లోపల ఏముందో మా చెల్లెలికి తెలియదు. రాసివ్వడం వరకే దాని పని. నోరు మూసుకుని వచ్చేసింది.

మూడు నెలలు తిరిగాయి. ఒక పొద్దున నేను గుమ్మంలో ముగ్గు వేస్తుంటే, అడ్రసు రాసిన చీటీ పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. కుడిచేతి వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. చూడగానే ఎవరో తెలిసింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప ఇవతలే కూర్చుంది. వేళ్లు వాచి చీము పడితే తన బదులు కోడల్ని పంపిందట. కార్డు మీద పేరు వేరని గేటు దగ్గర వెనక్కి పంపేశారు. నాలుగు రోజులు రాలేదని కార్డు కొట్టేశారు. పెద్దావిడ లేకపోయేసరికి జట్టులో మిగతావాళ్లు ఒక్కొక్కరే జారిపోయారు. నేనిచ్చిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ మా చెల్లెలి మొహంలోకి చూసింది.

“నువ్వు ఊ అన్నావు గదమ్మా.”

“వింటున్నానని అన్నాను పెద్దమ్మా” అంది మా చెల్లెలు.

“మాకు ఊ అంటే ఒప్పుకున్నట్టేనమ్మా. ఆ మాట నేనే మావోళ్లందరికీ సెప్పాను. దాని మీదే కార్డులకి ఏలిముద్రలేశారు.”

అరవలేదు, తిట్టలేదు. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది. మా చెల్లెలు ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. దానికి ఆ ఊ నేర్పింది నేనే. ఊ అనే మాటను ఇద్దరు రెండు రకాలుగా వింటారని చింతపండు ముందు కూర్చున్న ఆ రోజుల్లో నాకేం తెలుసు?

నెల తిరక్కుండా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, హైదరాబాదులో ఆ ప్లాట్‌ఫారం నేర్పే చోట చేరతానంది. బెంజి సర్కిల్ ఆఫీసు మేనేజరు మా ఇంటికే వచ్చారు. ఇంకో ఏడాది ఆగితే టీమంతా దాని చేతికిందికి వస్తుందని, అక్కడ మళ్లీ అందరికంటే కింద మొదలుపెట్టాలని నచ్చజెప్పారు. “వినడం నీకొచ్చిన విద్యమ్మా, అందులోనే ఎదుగు” అన్నారాయన. మా చెల్లెలు, “విన్నది ఎక్కడ పెట్టాలో తెలియకుండా వినడం దేనికండీ” అంది.

సెలవులకు వచ్చినప్పుడు ఇటుకంత పుస్తకాలు తెచ్చేది. పైకి చెప్పుకుంటే గానీ తలకెక్కదని, ఇంగ్లీషులో చదివి తెలుగులో నాకు చెప్పేది. నేను బియ్యం ఏరుతూనో, వత్తులు చేస్తూనో ఊ కొట్టేదాన్ని. సగం అర్థమయ్యేది కాదు, అయినా మానలేదు. ఒకరోజు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. “ఊ, తర్వాత?” అన్నాను. పుస్తకంలోంచి తలెత్తలేదు.

“చోటు ఉందక్కా” అంది.

బయటి నుంచి వచ్చి పనిచేసే గుంపును మొత్తంగా ఒక్క పేరు కింద రాసుకునే వీలుందట. ఎందరు వచ్చారన్నదే అడుగుతుంది, ఎవరెవరన్నది అడగదు. గొప్ప రహస్యమేమీ కాదు, మామూలు పేజీలో మామూలుగా రాసి ఉంది. ఆ మద్రాసు వాళ్లకు తెలియలేదో, తెలిసీ ఎందుకొచ్చిన శ్రమలే అనుకున్నారో మనకు తెలియదు. మా చెల్లెలు ఆ పేజీ మూల మడిచి పెట్టింది.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి ఆవిడ ఊరు వెళ్లాం. ఇంటి ముందు పరదా పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. మాకు నులక మంచం వాల్చింది. మా చెల్లెలు అంతా చెప్పింది. జట్టుకు చోటు ఉందని, అప్పుడు తనకు తెలియదని, వస్తూ దారిలో ఆ షెడ్డు ఆఫీసులో అడిగితే ఇప్పుడిక మార్చం అన్నారని. చెబుతున్నంతసేపూ ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. ఒక్కసారైనా ఊ అనలేదు. ఊ లేకపోతే మాట ఎంత బరువెక్కుతుందో నాకు అప్పుడే తెలిసింది. మా చెల్లెలు తడబడింది, చెప్పిందే మళ్లీ చెప్పింది. చివరికి ఆగిపోయింది.

ఆవిడ చేతులు దులుపుకుంది. “ఇప్పుడు సెబితే నేనేం జేసుకోనమ్మా. జట్టే లేదు. ఇంకో సోటికి పోతావుగా, ముందు సూసుకుని అప్పుడు ఊ అను.” బస్సుకు టైమైందని మమ్మల్ని ఆవిడే లేపింది. వస్తుంటే గుప్పెడు ఎండురొయ్యలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. మా చెల్లెలి చేతిలో పెట్టలేదు.

ఆ తర్వాత అది కన్సల్టెంటయింది. కైకలూరు వైపు ఇంకో షెడ్డులో జట్లను జట్లుగానే ప్లాట్‌ఫారంలో కూర్చోబెట్టిందట. ఆ కబురు ఆ పెద్దావిడ చెవిన పడిందో లేదో, పడేనాటికి మనిషి ఉందో లేదో. మొన్న ఫోన్లో నేను మాట్లాడిందీ ఆవిడ గురించే. నేను చెప్పడం పూర్తయ్యాక, “ఆవిడ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతుందక్కా” అంది మా చెల్లెలు.

ఫోను పెట్టేశాక కూడా నేను అక్కడే కూర్చున్నాను. కాలం కూడా ఆవిడలాంటిదే. చేతిలో పని ఆపకుండా మన కథంతా వింటుంది, ఊ మాత్రం అనదు.