మదురై విమానంలో ఒక సీటు

ఒక మాటను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. అన్నం వారుస్తున్నప్పుడు, కూతురికి తల దువ్వుతున్నప్పుడు అది లోపల కదులుతుంది. ఎవరైనా నన్ను మంచిదాన్నని మెచ్చుకుంటే మరీ ఎక్కువగా కదులుతుంది. మా ఆయనకు చెప్పలేదు. గుడిలో నిలబడి కూడా దాన్ని పూర్తిగా పలకలేదు. ఏదో తప్పు చేశాను, క్షమించు అని గబగబా అనుకుని బయటికి వచ్చేదాన్ని. ఏం తప్పో చెప్పకుండా క్షమాపణ అడగడం కూడా ఒక రకం మోసమే కదా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

మా అక్కను నేను ఓడ ఎక్కనివ్వలేదు.

రాసి చూస్తే ఎంత చిన్న వాక్యం. ఇన్నాళ్ళూ ఇది నాకు కొండంత అనిపించింది. దీన్ని ఇక్కడే వదిలేస్తే మీరు దీన్ని చిన్నదనే అనుకుంటారు. అలా అనుకోవడం నాకు అనుకూలం. అందుకని అంతా చెబుతాను.

మాది రాజపాళయం. ఇంట్లో మేమిద్దరమే ఆడపిల్లలం. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాయన జిన్నింగు మిల్లులో పత్తి చూసి రకం చెప్పే పని చేసేవారు. అక్కకు పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త జ్వరంతో పోయాడు. తిరిగి మా ఇంటికే వచ్చింది. చుట్టాలు ఆమెను వంటింట్లో కూర్చోబెట్టమన్నారు. నాయన ఎవరి మాటా వినలేదు. మదురైకి పంపి నర్సు చదువు చదివించారు. చదువయ్యాక అక్క మా ఊరి ఆస్పత్రిలోనే చేరింది. తెల్ల చీర కట్టుకుని వీధిలో నడిచి వెళ్తుంటే మొదట్లో జనం తలుపు చాటు నుంచి చూసేవారు. తర్వాత తర్వాత ఆమె కోసమే తలుపులు తెరిచి ఎదురు చూసేవారు.

నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. అలవాటైన మాకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఇంటి పనంతా నాది. బయటి పనంతా అక్కది. అలా కొన్నేళ్ళు గడిచాయి.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో అక్కకు మలయా దేశంలోని పినాంగులో ఒక ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. ఆమెతో కలిసి చదువుకున్న ఒకామె అప్పటికే అక్కడ పనిచేస్తోంది, ఆమే చెప్పి ఇప్పించింది. రెండేళ్ళ పని. మద్రాసు నుంచి ఓడ. ఆ కబురు వచ్చిన రోజు అక్క మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు తెలిసి ఆమె తన కోసం ఏదీ కోరుకున్న మనిషి కాదు. ఆ రోజు మాత్రం నాయన మంచం పక్కన కూర్చుని, చిన్నపిల్లలా ఆయన చెయ్యి పట్టుకుని, పోనా అని అడిగింది.

నాయన నా వైపు చూశారు. "పోయి రా. చిన్నది ఉండాది గదా," అన్నారు.

చిన్నది ఉంది కదా. నేను ఉన్నాను, నిజమే. నన్ను ఎవరూ అడగలేదు.

అప్పటికి చోళపురం నుంచి నాకు ఒక సంబంధం వచ్చి ఉంది. అబ్బాయి నూలు మిల్లులో మెషిన్లు బాగుచేసేవాడు. నాకు నచ్చాడు. నచ్చాడు అంటే మామూలుగా కాదు, రాత్రి పడుకుంటే నిద్ర పట్టనంతగా. వాళ్ళమ్మ మాత్రం తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో పెళ్ళి జరగాలి, అంతకు మించి ఆగేది లేదు అని మధ్యవర్తితో చెప్పి పంపింది. ఆ కబురు తెచ్చినామె నాకే చెప్పింది. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్క రెండేళ్ళు పోతే నాయనను విడిచి నేను ఎక్కడికి పోతాను?

ఇక్కడే ఆగి మిమ్మల్ని ఒక మాట అడగాలి. అక్కతో ఆ సంగతి చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆగిపోయేది. నాకు ఖాయంగా తెలుసు. నవ్వి, పెట్టె సర్దడం మానేసి, నాకు పెళ్ళి చేసి ఉండేది. మరి ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను వందసార్లు అడిగాను. సిగ్గు అని చెప్పుకున్నాను. అక్క సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక అని చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను అడిగితే, ఆమె నా కోసం వదులుకుంటే, బతికినంత కాలం ఆమె ముందు నేను తల వంచుకుని ఉండాలి. అది నాకు వద్దు. ఆమె ఆగిపోవాలి, కానీ నా వల్ల ఆగిపోయినట్టు ఉండకూడదు. అడిగి తీసుకోవడం కన్నా దొంగతనం నాకు సుఖంగా అనిపించింది.

అందుకని ఆమెకు రవికలు కుట్టాను. ఊరగాయ పెట్టాను. పొరుగింటివాళ్ళతో మా అక్క పరదేశం పోతోందని గర్వంగా చెప్పాను.

ఐప్పసి నెల వానలు ఆ ఏడు విపరీతంగా పడ్డాయి. మా ఊరి పక్క కొండలు రోజుల తరబడి కనిపించలేదు. అక్క బయలుదేరాల్సిన రోజులకు సరిగ్గా తిరుచ్చి దాటాక రైలు లైను తెగిపోయిందని తెలిసింది. రోడ్డు కూడా మునిగింది. మదురై దాకా బస్సులు పోతున్నాయి, అంతే. ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆలస్యమైతే పినాంగులో దిగడానికి ఇచ్చిన అనుమతి గడువు దాటిపోతుంది, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆస్పత్రి డాక్టరమ్మ అక్కతో చెప్పింది, మదురై నుంచి మద్రాసుకు విమానం ఉంది, అదొక్కటే దారి అని.

విమానం! మా వీధిలో విమానం ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు. అయినా అక్కా నేనూ బస్సెక్కి మదురై వెళ్ళాం. టికెట్లు అమ్మే దుకాణాలు ఒక్కొక్కటే ఎక్కి దిగాం. ధర వినగానే అక్క మెడ నిమురుకునేది. అక్కడ నగ ఏదీ లేదని గుర్తొచ్చి చెయ్యి దించేది. ఒకచోట సీట్లే లేవన్నారు. ఇంకొకచోట మా చీరలు చూసి సరిగా జవాబే చెప్పలేదు. తడిసి, కాళ్ళు లాగుతుండగా చివరికి రైల్వే స్టేషను దగ్గర ఒక చిన్న దుకాణంలోకి వెళ్ళాం. అక్కడున్న పెద్దమనిషి నాయుడు. మేం మాట్లాడుకునేది విని తనూ తెలుగులోకి దిగాడు. చివరి ఘడియలో ఎవరైనా సీటు తిరిగి ఇస్తే దాన్ని తక్కువకు ఇప్పిస్తానన్నాడు. మరునాడు మధ్యాహ్నం మా ఊరి పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చెయ్యమన్నాడు. అక్క ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది.

మరునాడు అక్కకు ఆస్పత్రిలో పని అప్పగించే రోజు. పోస్టాఫీసుకు నన్ను పంపింది.

లైను కలవడానికి చాలాసేపు పట్టింది. నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. మీరు నమ్మండి, నమ్మకపోండి, అప్పటికి నేను ఏమీ అనుకుని రాలేదు. సీటు లేకపోతే బాగుండునని మాత్రం అనుకుంటున్నాను. దేవుడే సీటు లేదనిపిస్తే నా తప్పేముంటుంది? పిలిచారు. వెళ్ళి ఫోను చెవికి పెట్టుకున్నాను.

"రాజపాళయమా? నిన్న వచ్చిన నర్సమ్మ చెల్లెలా?" నాయుడి గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంది. "నల్ల సేది అమ్మా, మంచి కబురు! ఒక సీటు తిరిగి వచ్చింది. పోవాల్సిన వ్యాపారికి ఒంట్లో బాగలేదంట. నేను చెప్పిన ధరకే ఇస్తాను. రేపు విమానం. కప్పల్, ఓడ, ఎల్లుండే గదా? హాయిగా పోయి చేరొచ్చు. పేరు రాసుకొనేదా?"

నేను ఫోనును రెండో చెవికి మార్చుకున్నాను.

"అమ్మా? వినపడతా ఉండాదా?"

"మా అక్క పోవడంలే," అన్నాను.

"ఏమి?"

"పోవడంలే. ఆ సీటు వేరే ఎవరికైనా ఇచ్చేయండి."

"అయ్యో. వానలో అంత దూరం వచ్చి తిరిగినారే. ఆ అమ్మ మొగం చూసే నేను పొద్దున్నుంచి దీని ఎనకాల పడినాను. ఏమైంది?"

"నాయనకి బాగలే. రొంబ ఎక్కువైంది."

"సరి అమ్మా," అన్నాడు. "నాయనని చూసుకోండి. పాపం."

పాపం అన్నాడు. నా మీద జాలిపడ్డాడు. అంతే, లైను తెగిపోయింది.

తిరిగి లైను కలపమని అడగొచ్చు. కౌంటరు ముందు నిలబడే ఉన్నాను. అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క ఆస్పత్రి నుంచి వచ్చేసి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. సీటు లేదంట అక్కా అన్నాను. ఆమె మంచం అంచు మీద కూర్చుండిపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ లేచింది.

"పరవాలే. నేను సాయంకాలం బస్సుకే పోయి, విమానం ఎక్కే చోటనే కూర్చుంటాను. ఎవరైనా ఒకరు రాకుండా పోతే నన్ను ఎక్కించుకోరా? అడిగి చూస్తాను."

ఇది నేను అనుకోలేదు. ఆమె వెళ్తే సీటు సంగతి బయటపడుతుంది. నాయుడితో అన్న మాట నోటికి సిద్ధంగా ఉంది, అది వచ్చేసింది.

"నాయన పొద్దున్నుంచి ఒక మాదిరిగా, నలతగా ఉండాడు అక్కా. మాట ఇంకా తడబడతా ఉండాది. నీకు చెప్తే భయపడతావని చెప్పలే."

నాయనకు ఏమీ కాలేదు. పొద్దున ఇడ్లీలు తిని పడుకున్నారు. అక్క పరుగున పోయి నాడి పట్టి చూసింది, కళ్ళు చూసింది. నర్సే కదా, తెలిసిపోతుందేమోనని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నాయనకు మెలకువ వచ్చింది. సంగతి ఎంత అర్థమైందో కానీ ఎడమ చెయ్యి ఊపుతూ ఏదో అనడం మొదలుపెట్టారు. నాకు స్పష్టంగా తెలిసింది, ఆయన పో, పో అంటున్నారు. ఆత్రంలో మాట మరీ ముద్దగా వస్తోంది. ఆయన ఎంత గట్టిగా చెప్పబోతే అంత అర్థం కాకుండా పోతోంది.

"చూడు, ఎట్లా ఉలుకుతా ఉండాడో," అన్నాను నేను.

అక్క ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను యాడికీ పోవడంలే నాయనా, పడుకో అంది. సాయంకాలం బస్సు వెళ్ళిపోయింది.

ఒక్క అబద్ధం అని ఇన్నాళ్ళూ నాలో నేను అనుకునేదాన్ని. రెండు. రెండోదానికి నాయనను వాడుకున్నాను. నోరు లేని మనిషిని.

ఆ తర్వాత నేను ఏడ్చాను. అక్క నన్ను దగ్గరికి తీసుకుని, నువ్వెందుకే ఏడుస్తావు, నువ్వేమి చేస్తావు అని తల నిమిరింది. ఆ నిమరడాన్ని నేను భరించాను. ఎలా భరించానో తెలియదు.

తై నెలలో నా పెళ్ళయింది. అక్కే దగ్గరుండి చేసింది. పినాంగు ఉద్యోగం వేరొకరికి పోయింది. మళ్ళీ రాసి చూడమని నేనే అన్నాను, అవును, ఆ ధైర్యం కూడా చేశాను. నాయనను ఈ స్థితిలో వదిలి ఎలా అంది అక్క. నాయన మరికొన్నేళ్ళు బతికారు. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన నన్ను అదేపనిగా చూసేవారు. తెలిసి చూసేవారో, ప్రేమతో చూసేవారో. అడిగితే చెప్పగలిగేవారేమో. నేను ఆయన దగ్గర ఒంటరిగా ఎక్కువసేపు కూర్చోలేదు. ఆయన పోయేనాటికి అక్కకు పరదేశం పోయే వయసు దాటింది, పిలిచేవాళ్ళూ లేకుండా పోయారు.

నా ఇద్దరు పిల్లలూ అక్క చేతుల్లోనే పుట్టారు. రెండోవాడు అడ్డం తిరిగాడు. ఆమె లేకపోతే వాడూ నేనూ దక్కేవాళ్ళం కాదు. ఊళ్ళో చాలామంది తల్లులు ఇదే మాట చెబుతారు. ఆమె పోకపోవడం మా అదృష్టం అంటారు. ఈ మాట పట్టుకుని నేను చాలాసార్లు బయటపడాలని చూశాను. చూడు, నీ వల్ల ఎంతమందికి మేలు జరిగిందో అని. కానీ ఆ మేలంతా ఆమె చేసింది. నేను చేసింది పోస్టాఫీసులో చేసినది మాత్రమే.

ఈ మధ్య చుట్టాల పెళ్ళికి తూత్తుకుడి వెళ్ళాం. పెళ్ళయ్యాక పిల్లలు సముద్రం చూస్తామంటే అందరం వెళ్ళాం. దూరాన ఒక ఓడ నిలిచి ఉంది. నా కూతురు, పెద్దమ్మా, నువ్వు ఎప్పుడైనా ఎక్కినావా అని అడిగింది.

"ఎక్కాల్సింది, కన్నా. వాన వచ్చి లైను తెగిపోయింది. విమానంలో పోదామని చూసినాము, సీటు దొరకలే," అంది అక్క. నా వైపు తిరిగి నవ్వింది. "మీ అమ్మ నాతో మదురైలో ఎన్ని దుకాణాలు ఎక్కి దిగిందో! కాళ్ళు బొబ్బలెక్కినాయి పాపం. మర్నాడు పోస్టాఫీసులో గూడ నా కోసం అంతసేపు కాచుకొని కూర్చుంది."

ఆమె చెప్పుకునే కథలో మంచిదాన్ని నేను. తప్పంతా వానది. ఎవరికి చెప్పినా ఇలాగే చెబుతూ ఉండి ఉంటుంది, ఇన్నేళ్ళూ. నేను నోరు తెరిచాను. అక్కా, అన్నాను. ఏమే అంటూ నా వైపు వంగింది. గాలికి ఆమె నెరిసిన జుట్టు మొహం మీద పడుతోంది. చలేస్తోంది, పోదాం అన్నాను.

ఎందుకు చెప్పలేకపోయాను? కోప్పడుతుందని కాదు. ఆమె కోప్పడదు. ఆ క్షణంలోనే క్షమించేస్తుంది, నాకు ఆ భయం. ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని తను పోగొట్టుకున్న రెండేళ్ళను మళ్ళీ కొత్తగా పోగొట్టుకుంటుంది. ఈసారి వాన చేతిలో కాదు, నా చేతిలో. చెప్తే బరువు దిగేది నాకు, పెరిగేది ఆమెకు. ఇదీ నిజమేనా, లేక ఇదొక కొత్త సాకా? నాకే తెలియడం లేదు. సాకులు కల్పించడం నాకు బాగా అలవాటు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఆయన మంచివాడు. పిల్లలు బంగారం. ఆ రోజు మళ్ళీ వచ్చి, మళ్ళీ నన్ను ఆ ఫోను ముందు నిలబెడితే, ఆ సీటు రాసుకోండి అంటాననే నమ్మకం నాకు లేదు. పశ్చాత్తాపం అంటే ఇలా ఉండకూడదని తెలుసు. అయినా ఉన్నది ఇదే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఇప్పటిదాకా ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.