రెండు దేశాల్ల నోట రాని పేరు

నేను విదేశంల కాపురం చేసొచ్చిన దాన్ని. గీ మాట అనంగనే అందరు అడిగేది విమానం ముచ్చట. విమానం లేదు, గిమానం లేదు. వేములవాడల బస్సెక్కితిమి, కాజీపేటల రైలెక్కితిమి, అది దిగి ఇంకో రైలు, అది దిగి చిన్న రైలు, ఆఖరుకు పప్పుల బస్తాల నడుమ లారీల కూసోని, నేను వాంతులు చేసుకుంట, కొండలెక్కితిమి. పెండ్లయి ఇంక నెల నిండలే. లారీ దిగినంక మా ఆయన అంగీ దులుపుకొని, వచ్చినం, ఇదే నేపాల్ అన్నడు. నా మెడల పచ్చి పసుపుతాడు, ఆయన చేతుల ఇనుప పెట్టె, ఇద్దరికి కలిపి ఒక బొంత. దేశం పరువును మేము గట్ల మోసుకపోయినం.

మాది మగ్గాల ఇల్లు. బాపు చీరలు నేసేటోడు. కరీంనగర్ పిల్లగాడు, మెట్రిక్ పాసయి ఇంగ్లీషు టైపు నేర్చి ఢిల్లీల నౌకరి కొట్టిండు, కాట్మండుల మన దేశపు ఎంబసీకి తోలిండ్రు అని సంబంధం వచ్చేసరికి బాపును పట్టలేకపోయినం. ఎంబసీ అంటె ఏందో బాపుకు తెల్వది. దేశం తరఫున మాట్లాడే కొలువు అని వాడకట్టంత చెప్పుకొచ్చిండు. నిజానికి మా ఆయన మాట్లాడేది ఏం లేకుండె. పెద్దలు మాట్లాడింది మూడు కాపీలు టైపు కొట్టుడే ఆయన పని. అది సుత పక్కా నౌకరి కాదు, రెండేండ్లు చూస్తరట, ఏదన్న మాట వస్తె వాపస్. గీ సంగతి నాకు లారీల చెప్పిండు, నేను దిగిపోయే వీలు లేనప్పుడు.

కాట్మండు ముచ్చట కన్న ముందు నన్ను కన్న మా అవ్వ ముచ్చట చెప్పాలె. నిజాం పోయి, మిలిటరీ వచ్చి, ఇగ మీరే రాజులు, మీరే ఓట్లెయ్యాలె అని మొట్టమొదటి ఎలక్షన్ పెట్టిన కాలం. నాకు పద్నాలుగేండ్లు. పేర్లు రాసుకునెతందుకు ఒక గుమాస్తా మా గడప కాడికి వచ్చిండు, మా ఊరోడు కాదు. బాపు నూలు తెచ్చెతందుకు పోయిండు. అవ్వ తన పేరు చెప్పింది. పెనిమిటి పేరేంది అంటె నోరు మూసుకున్నది. మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు నోట్లెకెల్లి తియ్యరు, తీస్తె ఆయన ఆయుష్షు తగ్గుతదంటరు. గట్లాంటప్పుడు పక్కన పిల్లలుంటె వాళ్లు చెప్తరు. అవ్వ నా దిక్కు చూసింది. నేనేమో బడికి పోయే మహా పండితురాలినాయె.

"నువ్వే చెప్పు," అన్న, నవ్వుకుంట.

అవ్వ మళ్ల చూసింది. నేను మళ్ల నవ్విన. గుమాస్తాకు ఇంక మస్తు ఇండ్లు తిరిగేది ఉండె, బుక్కు మూసుకొని పోయిండు. లిస్టుల అవ్వ పేరు రాలే. ఓట్ల దినం వాడకట్టు ఆడోళ్లందరు మంచి చీరలు కట్టుకొని పోయి ఓటేసొస్తుంటె, అవ్వ గడప కాడ కూసోని బియ్యం చెరుక్కుంట చూసింది. నన్ను ఒక్క మాట అనలే. రెండు తిట్టినా బాగుండు. ఐదేండ్లకు మళ్ల ఎలక్షన్ వస్తె బాపే దగ్గరుండి పేరు రాయించిండు గని, అప్పుడు అక్కరలేని దాన్ని ఇప్పుడెందుకు అని అవ్వ పోనేపోలే. గా పాపం నాదే అని నాకెరుక.

ఇగ ఎంబసీ. ఎవరు ఏ కుర్చీల కూసోవాలె, ఎవరి ఎనుక ఎవరు నడువాలె అని ఆడ ఒక రివాజు ఉన్నది. మాది ఆఖరి జాగ. మా ఎనుక తోటమాలి. రాయబారి భార్యను మేము దొరసాని అనుకునేటోళ్లం. ఆమె ఒకసారి కొత్తగ వచ్చినోళ్లను చాయకు పిలిచింది. ఉత్త చేతులతోని పోవుడు మంచిగుండదని నా పెండ్లికి చుట్టాలు ఇచ్చిన నిర్మల్ కట్టె పండ్లు ఒక పళ్లెంల పట్టుకపోయిన. రంగులు అసలు పండ్ల లెక్కనే ఉంటయి. ఒక పెద్ద సాబు అందులకెల్లి జామపండు తీసుకొని కొరికిండు. ఆయన పన్ను ఏమైందో దేవునికెరుక, మనిషి మాత్రం మెల్లగ పండు పళ్లెంల పెట్టి, మంచిగున్నది అన్నడు. అందరు కిటికీలకెల్లి బయటికి చూసిండ్రు. దౌత్యం అంటె ఏందో నాకు ఆ దినమే సమజయింది.

గంతల దొరసాని నా దిక్కు తిరిగి, మీ ఆయన పేరేంది అని హిందీల అడిగింది. అడిగితె చెప్పుటానికేం, నేను బడి చదువు చదివిన దాన్ని, అవ్వను చూసి నవ్విన దాన్ని. నోరు తెరిచిన. మాట రాలే. ఆమె చెవిటోళ్లకు చెప్పినట్టు మళ్ల మెల్లగ అడిగింది. నేను చేయి చూపిచ్చిన. మా ఆయన అవతల వరండల ఎవరిదో కోటు పట్టుకొని నిలబడ్డడు. ఆయనకు పేరు లేదా అన్నది దొరసాని. అందరు నవ్విండ్రు. మా అవ్వ ఆ దినం గడప కాడ ఎట్ల కూసున్నదో నాకప్పుడు కండ్లకు కట్టింది. సిగ్గుతోని సచ్చిపోయిన.

ఆ యేడే ఆ దేశంల సుత మొట్టమొదటి ఎలక్షన్ వచ్చింది. నూరేండ్లు ఒక్క మంత్రుల ఖాందాన్ చేతుల నలిగిన దేశమట, ఇగ రాజే ఓట్లు పెడుతున్నడట. ఎటు పోయినా ఎలక్షన్ నా ఎంబడే వస్తున్నట్టుండె. మేము మీది అంతస్తుల కిరాయికి ఉండేటోళ్లం, కింద ఇంటామె ఉండేది. యాభై ఏండ్ల మనిషి. ఆమె పెనిమిటి ధాన్యం వ్యాపారం చేసేటోడు, సగం దినాలు సరిహద్దు దిక్కే. పిల్లలు లేరు. ఆమె నేపాలీ, నా కరీంనగర్ ఉర్దూ కలిపి మేమిద్దరమే ఒక భాష పుట్టిచ్చుకున్నం. రెండు ఎలక్షన్లు చూసిన దేశం నుంచి వచ్చిన దాన్నని ఆమెకు నా మీద మస్తు నమ్మకం. పెట్టె ఎట్లుంటది, చీటి ఎట్లెయ్యాలె అని రోజు అడిగేది. నేను అన్ని ఎరుకైనట్టే చెప్పేదాన్ని. ఓటుకు కావలసిన ఇరవయ్యొక్కటి నాకు నిండిందే పెండ్లి ముందర, ఒక్క ఓటు సుత వేసిన పాపాన పోలే అని మాత్రం చెప్పలే. ఆమె తన ఓటు చీటిని దేవుని గూట్లె పెట్టి పొద్దున పొద్దున బొట్టు పెట్టేది. మొగని పేరు అడుగుతరని చెప్పుడు నాకు యాదికే రాలే. యాదికి రావలసిన వాళ్లల్ల నేనే మొదటి దాన్ని.

ఓట్ల దినం ఎంబసీ ఇండ్లోళ్లు ఎవ్వరు పోలింగు దిక్కు పోవద్దు, పరాయి దేశం సంగతిల ఏలు పెట్టినట్టయితది అని హుకుం వచ్చింది. ఆ కాగితం టైపు కొట్టిందే మా ఆయన. ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చదివి, ఉర్దూల, తెలుగుల చెప్పిండు. సరే అన్న. మనసుల సుత సరే అనే అనుకున్న.

ఆ పొద్దు ఇంటామె ఎర్ర అంచు చీర కట్టుకొని మీదికొచ్చింది. పెనిమిటి ఊర్ల లేడు, జర తోడు రమ్మన్నది. గల్లీ మూల దాక వస్త అన్న. మూల వచ్చింది. బడి గోడ దాక అన్న. గోడ వచ్చింది. గోడ దాటినంక జనాన్ని ఆపెతందుకు తాడు కట్టి ఉన్నది, ఆడ నిలబడ్డ. ఆమె లోపలికి పోయింది. టేబుల్ కాడ గుమాస్తా పేరడిగిండు, చెప్పింది. పెనిమిటి పేరడిగిండు. నోరు మూసుకున్నది.

ఆడ సుత గదే రివాజు. గుమాస్తా మళ్ల అడిగిండు. ఎనుకున్నోళ్లు నవ్విండ్రు. పక్కకు నిలబడు, తర్వాతోళ్లు రాండ్రి అన్నడు. ఆమె మెడ తిప్పి నా దిక్కు చూసింది. గా చూపు నేను మా ఇంటి గడప కాడ చూసిందే. హుకుం, మా ఆయన నౌకరి, అన్ని యాదికున్నయి. మరిచిపోయి చేసిన అని అబద్ధం చెప్పను. యాదికుండంగనే, తాడు పట్టుకొని ఇంటామె పెనిమిటి పేరు గట్టిగ అరిసిన. లైనంత నా దిక్కు తిరిగింది. గుమాస్తా లిస్టుల చూసి తల ఊపిండు. ఆమె లోపలికి పోయింది.

పోలీసాయన వచ్చిండు. ఎవరి మనిషివి అన్నడు. ఇండియా ఎంబసీ అన్న. ఆయన మొఖం మారింది, నోటుబుక్కు తీసిండు. పెనిమిటి పేరేంది అన్నడు. ఇగ చూడు నా తమాషా, పరాయోళ్ల మొగని పేరు ఊరంతకు వినబడేటట్టు అరిసిన దాన్ని, నా మొగని పేరు కాడ మళ్ల మూగదాన్నయిన. గంతల ఇంటామె ఓటేసి బయటికొచ్చింది. మొఖం వెలిగిపోతున్నది. నా అవస్థ చూసి, నేను చేసిన సాయానికి బదులు సాయం చెయ్యాలె గద, మా ఆయన పేరు ఇంటిపేరుతోని సహ స్పష్టంగ చెప్పింది. పోలీసాయన రాసుకున్నడు.

ఎంబసీకి కాగితం వచ్చింది. దానికి జవాబు, సదరు టైపు గుమాస్తాను వాపస్ తోలుతున్నం అని, మూడు కాపీలు టైపు కొట్టింది మా ఆయనే. ఒక్క తప్పు పోలేదట. ఇంటికొచ్చినంక నేను ఏడుస్తుంటె ఒక్కటే అడిగిండు.

"ఆమె ఓటు పడ్డదా?"

పడ్డది అన్న. సరే అని పెట్టె సర్దుడు షురువు చేసిండు. ఆ నౌకరి కోసం ఆయన ఎంత పరేషాన్ అయిండో నాకెరుక, గందుకే ఏడుపు ఆపి బొంత మడత పెట్టిన. నేను అంత అరిసి వేయించిన ఓటు సుత రెండేండ్లు నిలువలే. గెలిచినోళ్లను రాజు జైల్ల పెట్టిండని కరీంనగర్‌ల పేపర్ల చదివినం.

కరీంనగర్‌ల మా ఆయన ఒక ఆఫీసుల టైపు పనికి కుదిరిండు. ఎందుకొచ్చిండ్రు అని అడిగినోళ్లందరికి ఆడి చలి పడలే అని చెప్పిండు. బాపు గా చలి మాటనే నమ్ముకుంట మరుసటేడు పోయిండు. అవ్వ మా దగ్గరికి వచ్చి ఉన్నది.

మళ్ల ఎలక్షన్ వచ్చింది. అవ్వ పేరు, నా పేరు మా ఆయనే దగ్గరుండి రాయించిండు. అవ్వ రానన్నది. అప్పుడు చెప్పిన ఆమెకు, చలి కాదు అని, ఆ పోలింగు తాడు కాడి ముచ్చట అంత. బెండకాయలు కోసుకుంట విన్నది. ఆఖరుకు, గామె మంచి చీర కట్టుకున్నదా అని అడిగింది. ఎర్ర అంచుది అన్న. ఓట్ల దినం పొద్దుగాల చూస్తె బాపు నేసిన చీర కట్టుకొని అరుగు మీద కూసున్నది.

ఆడోళ్ల లైన్ల నేను ముందట, అవ్వ నా ఎనుక. మొగోళ్ల లైన్ల మా ఆయన, నాలుగు బారల దూరంల. గుమాస్తా నా పేరడిగిండు, చెప్పిన. పెనిమిటి పేరడిగిండు. ఇంత తిరిగొచ్చి, ఇంత చూసొచ్చి, మళ్ల గదే మూగతనం. ఎనుకకు తిరిగి అవ్వ దిక్కు చూసిన.

"నువ్వే చెప్పు," అన్నది అవ్వ. నవ్వలే.

చెప్పిన. మా ఆయన తల తిప్పి చూసిండు, పెండ్లయిన ఇన్నేండ్లకు నా నోట ఆయన పేరు వినుడు అదే మొదలు. నేను పక్కకు జరిగిన. గుమాస్తా అడుగకముందే అవ్వ బాపు పేరు చెప్పింది. చెప్తె తగ్గెతందుకు ఇంక ఆయుష్షు లేదు. గొంతు చిన్నగ వచ్చింది, గుమాస్తాకు వినబడలే, మళ్ల చెప్పమన్నడు. అవ్వ మళ్ల చెప్పింది.