చీకటి వేయడానికి మందమర్రి దాకా

లైట్లు వేయడం నా పని. కరీంనగర్‌లో బడి వార్షికోత్సవాలకు, డ్యాన్సు ప్రోగ్రాములకు, ఎప్పుడైనా నాటకాలకు వేస్తుంటాను. అలాంటి నాకు మందమర్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మాకు చీకటి కావాలె చెల్లె, ఎయ్యగల్గుతవా?" అని అడిగింది. పేరు ఎస్తేరు. ఆమె భర్త సామ్యేలు చాలా ఏళ్ళ కింద బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అదే షిఫ్టులో ఉన్నవాళ్ళు బయటికి వచ్చారు, అతను రాలేదు. చీకట్లో అతన్ని ఒక్కడినే వదిలేసి వచ్చారని ఆమె కోపం. ఇప్పుడు చర్చిలోని నలుగురు ఆడవాళ్ళను కూడగట్టుకుని తనే ఒక నాటకం రాసుకుంది. ఆఖరి సీన్‌లో గని కార్మికుల కాలనీవాళ్ళందరినీ అదే చీకట్లో కూర్చోబెట్టాలని ఆమె పట్టుదల.

సరేనన్నాను గానీ అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. స్టేజీ మీద చీకటి పడితే నేను నిలవలేను. క్షణం గడిచేలోపే, లైటు పాడైందని జనం అనుకుంటారేమోనని కంగారు పుట్టి చెయ్యి బటన్ మీదికి పోతుంది. సరితకు చీకటంటే చక్కిలిగింతలని మా నాటకాల వాళ్ళు నన్ను ఏడిపిస్తుంటారు.

శనివారం పొద్దున ఏడింటికి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే మా ఆడవాళ్ళకు జీరో టికెట్. టికెట్ ఉచితమే, సీటు మాత్రం యుద్ధం చేసి గెలుచుకోవాలి. కిటికీలోంచి దస్తీ వేసి నేను ఒకటి గెలిచాను. లైట్ల బోర్డున్న బ్యాగు పైన పెట్టమన్నాడు కండక్టర్. నేను వినలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను. మిగతా లైట్లు మంచిర్యాలలో కిరాయికి దొరుకుతాయి, బోర్డు మాత్రం నాదే ఉండాలి నాకు.

సుల్తానాబాద్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ బ్యాగును వేలితో పొడిచి, హార్మోనియమా అని అడిగింది. కాదని చెప్పి జిప్పు తీసి చూపించాను. ప్రతి లైటుకూ ఒక నంబరు ఇస్తామని, ఏ సీన్‌లో ఏ లైటు ఎంత వెలగాలో, ఎంత మెల్లగా ఆరాలో ముందే ఇందులో దాచిపెడతామని, నాటకం నడుస్తుంటే వరసగా ఒక్క బటన్ నొక్కుకుంటూ పోవడమే పని అని వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "గంతే అయితె మరి గంత పరేషాన్ ఎందుకున్నవ్ బిడ్డా?" అంది. జిప్పు వేశాను, తీశాను, మళ్ళీ వేశాను.

పెద్దపల్లిలో అందరూ చాయ్‌కి దిగారు. బ్యాగు వదలలేక నేను దిగలేదు. గోదావరిఖని దాటి బ్రిడ్జి ఎక్కాక ఆ పెద్దావిడ నీళ్ళకు దండం పెట్టుకుంది. ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారుతున్న గోదావరిని నేనూ చూశాను గానీ, చూస్తూ లెక్కవేసింది మాత్రం నాటకం వేసే హాలుకు ఎన్ని కిటికీలుంటాయో అని. పది దాటాక మంచిర్యాలలో దిగి ఇడ్లీ తిని, కిరాయి లైట్లను ట్రాలీ ఆటోలో పంపించి, బెల్లంపల్లి వైపు పోయే పల్లెవెలుగు బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు మంచిర్యాలలోనే కడుపు నింపుకోవడం మంచిది. మందమర్రి చేరేసరికి నా ముక్కుపుడక మీద కూడా బొగ్గు ధూళి ఉంది.

ఎస్తేరక్క బస్సు దగ్గరికే వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, నడకలో నాకంటే వేగం. భర్త ఉద్యోగానికి బదులు కంపెనీ ఇచ్చిన స్టోర్ పనిలో ఉంది. కాలనీలో ఆమె క్వార్టర్‌లోనే నా బస. అన్నం పెట్టి, నేను చేయి కడుక్కోకముందే హాలుకు తీసుకెళ్ళింది. కిటికీలకు అప్పటికే నల్ల దుప్పట్లు కట్టారు, తలుపు కింద సందులో గోనెసంచులు కుక్కారు. వెలుతురు రాకుండా ఇంత శ్రద్ధ తీసుకున్న మనుషులను నేను ఎక్కడా చూడలేదు.

సాయంత్రం దాకా నిచ్చెన ఎక్కడం, దిగడం. ఒక లైటు ఎంతకీ ఆరనని మొండికేసింది. చూస్తే తప్పు నాదే, కంగారులో దానికి వేరే నంబరు పెట్టాను. చివరికి బోర్డు మీద మినుకుమనే తెరను కూడా చున్నీతో కప్పి, రిహార్సల్‌లో ఆఖరి సీన్ చీకటికి బటన్ నొక్కాను. నా అరచెయ్యి నాకు కనిపించలేదు.

అంతలో వెనక బెంచీల నుంచి ఫోన్ టార్చీలు వెలిగాయి. చూడ్డానికి వచ్చిన పదిమంది రిటైర్డ్ కార్మికులు వాళ్ళు. మళ్ళీ చేశాం, మళ్ళీ వెలిగాయి. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి వెళ్ళి, నాటకమంటే ఆటలుగా ఉందా అని అడిగేశాను. మఫ్లర్ చుట్టుకున్న ఒకాయన లేచాడు. పేరు రాజమల్లు, సామ్యేలు షిఫ్టులోనే పనిచేసినాయన. ఎస్తేరక్క వెనక వరస క్వార్టర్‌లోనే ఉంటాడు, అయినా ఆ ప్రమాదం తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదట.

"కావాలని చెయ్యలే బిడ్డా," అన్నాడు. "బాయిల దీపం పోయినోడు కూసున్న కాడనే కూసుండాలె, పక్కనోడు ఆయనకు దీపం చూపెట్టాలె. మొదలు నేర్పేది గదే. చెయ్యి దానంతటదే పోతది."

అప్పుడు గమనించాను. టార్చీ ఎవరూ తమ కాళ్ళ దగ్గర వేసుకోలేదు, ఎదుటివాళ్ళ మీదికే పట్టారు. స్టేజీ మీది నుంచి ఎస్తేరక్క ఆయన వైపు చూడకుండా నాతో అంది: "రేపు ఫోన్లన్నీ సంచులల్ల పెట్టుమని చెప్తా. నేను మాట్లాడేదాక నువ్వు లైట్ ఎయ్యకు. ఎంతసేపైనా సరే."

ఆ ఎంతసేపైనా అన్న మాటే నన్ను తినేసింది. ఆదివారం ఆమె చర్చికి వెళ్తే నేను హాల్లో కూర్చుని చీకటి సాధన చేశాను. నొక్కడం, చేతులు తొడల కింద పెట్టుకోవడం, మళ్ళీ నొక్కడం.

సాయంత్రం హాలు నిండిపోయింది, గోడల వెంట కూడా నిలబడ్డారు. ముందే చెప్పినట్టు అందరూ ఫోన్లు సంచుల్లో పెట్టారు. నాటకం పెద్ద గొప్పదేమీ కాదు. ఒకామె మాట మరిచిపోయింది, ఇంకొకామె జనంలో ఉన్న కొడుకును చూసి నవ్వింది. కానీ ఆఖరి సీన్‌లో ఎస్తేరక్క బాయి గేటు ముందు క్యారేజీ పట్టుకుని నిలబడేసరికి హాల్లో దగ్గు కూడా లేదు.

"నా మొగడు చీకట్ల కూసున్నడు," అంది జనం వైపు చూసి. "ఒక్కరన్న మర్లి చూసిండ్రా?"

బటన్ నొక్కాను. చీకటి.

ఆమె మాట్లాడలేదు. ఎవరో పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టి ఆపేసింది. వేలు బటన్ మీద ఉంది, నొక్కితే తెల్లవారుజాము వెలుతురు మెల్లగా వస్తుంది, నేను ఎంతో ముచ్చటపడి దాచుకున్న సీన్ అది. నొక్కలేదు. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

రెండో వరసలో సంచి గలగలమంది. ఒక టార్చీ వెలిగి ఎస్తేరక్క పాదాల దగ్గర పడింది. పట్టుకుని నిలబడింది రాజమల్లు. ఆయన వెనక ఇంకొకరు లేచారు, తర్వాత గోడ దగ్గరివాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. మొత్తం వెలుతురు ఆమె మీదే. ఆమె పడిన కష్టమంతా మట్టి కొట్టుకుపోయిందని, ఇక అరుస్తుందని భయపడ్డాను. ఆమె అరవలేదు. క్యారేజీ కింద పెట్టి, మొహం కప్పుకోకుండా, అందరి ముందూ ఏడ్చింది. నాటకంలో ఆమెకు ఇంకొక మాట మిగిలింది, అది అననే లేదు. నేనూ ఆఖరి బటన్ నొక్కలేదు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

సోమవారం పొద్దున మంచిర్యాల బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎస్తేరక్క నా బ్యాగు ఇవ్వనంది, తనే పట్టుకుంది. రాజమల్లు స్కూటీ మీద వచ్చి, దూరంగా ఆపి, రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఆమె ఈసారి ఆయన వైపే చూసింది.

"రాజమల్లన్నా," అని పిలిచింది. "గా రోజు ఆయన ఆఖరుకు ఏమన్న అన్నడా?"

ఆయన దగ్గరికి వచ్చి మఫ్లర్ విప్పాడు. "అన్నడు చెల్లె. చెప్తనంటె నువ్వు వినకపోతివి."

అంతలో నా బస్సు వచ్చింది. కండక్టర్ తొందరపెడుతున్నాడు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ బస్‌స్టాప్ అరుగు మీద కూర్చున్నారు. ఆయన చేతులు కదిపి చెబుతున్నాడు, ఆమె తల వంచుకుని వింటోంది. మంచిర్యాల దాకా నాకు ఒకటే ఆరాటం, దిగి వెనక్కి పోదామా అని. మంచిర్యాలలో కరీంనగర్ బస్సుకు మారాను, సీటు కూడా సులువుగానే దొరికింది. ఎన్నో ఊళ్ళు తిరిగి లైట్లు వేశాను గానీ, నా పని లేకుండానే స్టేజీ వెలిగిన ఊరు ఇదొక్కటే. ఎస్తేరక్క తర్వాత రెండుమూడుసార్లు ఫోన్ చేసింది. సామ్యేలు ఏమన్నాడో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.