ఉపవాసి నిద్ర

గురకను సుఖనిద్ర అనుకోని ఊరు భూమ్మీద లేదు. ఈజిప్టులోని టాంటా బజారూ అంతే. లావుమెడ దర్జీ షుక్రీ మిషను మీదే కునికేవాడు. గురక మధ్యలో ఊపిరి ఆగితే, పక్కన గుండీలు కుట్టే భార్య నవాల్ కుదిపి లేపేది. "నిద్రలోనే ప్రాణం పోతుంది, గాలి అందించే మాస్కు పెట్టుకుని పడుకో" అన్న డాక్టరుతో, "నేనేం విమానం నడుపుతానా?" అని నవ్వేశాడు.

ఆ రంజాను మధ్యాహ్నం గురక ఆగింది. నవాల్ చెయ్యి చాచేలోపే పక్కకొట్టు సాబిర్ కసిరాడు: "లేపకు వదినా! ఉపవాసమున్నవాడి నిద్ర ప్రార్థనతో సమానం. ఇప్పుడేగా హాయిగా పడుకున్నాడు!" బజారంతా చూస్తుంటే ఆమె సిగ్గుపడి, వంటకని ఇంటికి వెళ్లిపోయింది. ఉపవాసం విడిచే వేళ ఖర్జూరాలు తెచ్చి కుదిపిన సాబిర్ చేతికి చల్లబడ్డ ఒళ్లు తగిలింది.

"పుణ్యాత్ముడి చావు వదినా," అన్నాడు పరామర్శకొచ్చి.

"పుణ్యం నాకెందుకయ్యా? లేపనిచ్చుంటే పాపిగానైనా బతికేవాడు."