వర్నా ఒప్పుకున్న తప్పు

వర్నా టక్కెట్ జడ్జి పదవికి పోటీ చేస్తానని చెప్పినప్పుడు నేను పగలబడి నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? చర్చిలో నాలుగు ముక్కలు మాట్లాడమంటేనే వెనక బెంచీలో నక్కి కూర్చునే మనిషి. పదేళ్లుగా ఒకటే గోధుమరంగు కోటు. అలాంటిది ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి ఓటు అడుగుతుందట!

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాను.

"జడ్జి హార్వే రిటైరవుతున్నాడు కదే. ఆ కుర్చీలో ఎవడో ఒకడు కూర్చుంటాడు. పిల్లల సంగతి ఏమాత్రం తెలియనివాడొచ్చి కూర్చుంటే?" అంది.

మా వెస్కాట్ కౌంటీ ఒహాయో నది ఒడ్డున, కొండల మధ్య ఉంటుంది. కౌంటీ పేరు ఇది కాదు, మనుషుల పేర్లు కూడా ఇవి కావు. అన్నీ మార్చాను, కారణం మీకే తెలుస్తుంది. విడాకులకీ పిల్లల కేసులకీ మాకు ఒకటే కోర్టు. ఆ కోర్టులో నేను గుమాస్తాను. నా పేరు నడీన్ అనుకోండి. ఫైళ్ల బీరువాల తాళాలు నా దగ్గరే ఉంటాయి. జడ్జి హార్వే పెనింగ్టన్. ఆయన కింద మేజిస్ట్రేటు వర్నా. పేరుకి జడ్జి ఆయనే కానీ, రోజంతా కూర్చుని ఆ తల్లుల ఏడుపులూ తండ్రుల తిట్లూ వినేది ఈవిడ. ఈవిడ రాసిన తీర్పు మీద ఆయన సంతకం పెడితేనే చెల్లుతుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే ఆయన దాన్ని మార్చేయవచ్చు కూడా. పదిసార్లలో తొమ్మిదిసార్లు చదవకుండానే సంతకం గీకేవాడు. నా ఏడుపంతా ఆ పదోసారి గురించే.

వర్నా గనిలో పనిచేసే తాగుబోతు కూతురు. తొమ్మిదేళ్లప్పుడు ఇదే కోర్టు వరండాలో మూడు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఎవరో బయటికొచ్చి "నువ్వు మీ అత్త దగ్గరికి వెళ్తున్నావు" అని చెప్పి పోయారట. నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. ఆ మంట ఆవిడలో ఎప్పటికీ చల్లారలేదు. బేకరీలో తెల్లారుజాము పని చేస్తూ లా చదివింది. మొగుడు డేల్ మంచివాడు, తొందరగా పోయాడు. పిల్లలు లేరు. కోర్టుకొచ్చే పిల్లలతో మాట్లాడాలంటే పీఠం మీంచి దిగి, నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చునేది. మోకాళ్లు అరిగిపోయాక లేవడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చేది.

అందుకే ఇళ్ల ముందు పాతే బోర్డుల మీద ఏం రాయించాలి అంటే ఆవిడ క్షణం ఆలోచించలేదు. "వర్నా టక్కెట్. పిల్లల మాట వింటుంది." అంతే.

ఆ వేసవంతా డేల్ పాత ట్రక్కులో బోర్డులూ సుత్తీ వేసుకుని తిరిగాం. మా దగ్గర జడ్జిని కూడా ఓట్లతోనే ఎన్నుకుంటారు, కానీ ఆ పదవికి నిలబడ్డవాళ్లు ఏ కేసులో ఏం చేస్తామో మాట ఇవ్వకూడదు. దాంతో వర్నాకి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

"గెలిస్తే ఏం చేస్తావ్?" అని అడిగాడు కొండమీద ఉండే ఒక ముసలాయన, వాకిట్లో పచ్చి బీన్స్ తుంచుతూ.

"వింటానండి."

"వింటావా! మా ఆవిడ నలభయ్యేళ్ల నుంచీ నా మాట వినట్లేదు. దానికి కాస్త నేర్పించు, ఇంట్లో రెండోట్లూ నీకే."

లోపల్నుంచి ఆవిడ అరిచింది: "నా ఓటు నేను వేసుకుంటాలే, నువ్వు బీన్స్ తుంచు!" మేం ముగ్గురం నవ్వాం. ఆ ఇంటి ముందు కూడా బోర్డు పాతాం. ఆగస్టు చివరికి చూస్తే క్లింట్ మోబర్లీ బోర్డుల కన్నా మావే ఎక్కువ కనిపించాయి. మోబర్లీ ఆవిడ మీద నిలబడ్డ కుర్ర లాయరు. పళ్లు తెల్లగా, చొక్కా ఇస్త్రీగా ఉంటాయి. పిల్లల కేసు ఒక్కటీ వాదించిన పాపాన పోలేదు. గెలుస్తామేమో అని నాకు ఆశ పుట్టింది. ఆశ పెట్టుకున్నందుకు నన్ను నేను తిట్టుకోవాలి.

సెప్టెంబరులో ప్రతి ఇంటి పోస్టు డబ్బాలోకీ ఒక కరపత్రం వచ్చింది. మీద రెండేళ్ల పిల్లవాడి ఫొటో, కింద ఒక్క వాక్యం: "వీణ్ణి ఇంటికి పంపింది ఎవరు?"

ఆ పిల్లవాడు ఎవరో మా కౌంటీలో అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ల క్రితం తల్లితో ఉంటున్నవాడు కొడితే చచ్చిపోయాడు. కొట్టినవాడికి యావజ్జీవం పడింది. అంతకు మూడు నెలల ముందే ఆ పిల్లవాణ్ణీ వాడి ఆరేళ్ల అక్కనీ ప్రభుత్వం పెట్టిన పెంపుడింటి నుంచి తెచ్చి తల్లికి అప్పగించింది మా కోర్టే. కేసు విన్నది వర్నా అని అప్పుడు పేపర్లో వచ్చింది. అంతకు మించి రాలేదు, ఎందుకంటే పిల్లల ఫైళ్లు ఎవరికీ చూపించరు.

ఆ ఫైలులో ఏముందో నాకు తెలుసు. పిల్లల్ని పంపొద్దని వర్నా రాసింది. ఎనిమిది పేజీలు, కారణాలన్నీ విడమరిచి. తల్లి లాయరు అభ్యంతరం పెట్టాడు. అప్పుడు హార్వే ఆ ఆరేళ్ల పిల్లని తన గదిలోకి పిలిచి పది నిమిషాలు మాట్లాడాడు. "నేను ఇంటికెళ్తాను, తమ్ముణ్ణి నేనే చూసుకుంటా" అంది ఆ పిల్ల. ఆరేళ్ల పిల్ల ఇంకేమంటుంది? ఆ మాట పట్టుకుని, పాప కోరిక ఇది అని రాసి, వర్నా తీర్పు కొట్టేసి పంపేశాడు.

కరపత్రం పట్టుకుని హార్వే ఇంటికెళ్లాను. చేపల పడవకి రంగు వేసుకుంటున్నాడు.

"ఒక్క మాట చెప్పండి జడ్జిగారూ. ఆవిడ కాదు, నేనని."

"ఆ ఫైలు గురించి మాట్లాడకూడదు నడీన్. నీకు తెలియని రూలా?" అన్నాడు, కుంచె దించకుండానే.

రూలట! ఆయన ముఖాన ఉమ్మాలనిపించింది. ఊరుకుని వచ్చేశాను. మర్నాడు బీరువా తెరిచి ఆ కాగితాలకు నకలు తీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. నా ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా పంపొచ్చు. అయినా సరే అనుకున్నాను.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఫైర్ స్టేషన్లో బీన్స్ భోజనం పెట్టారు. అభ్యర్థులంతా రావాలి, ఊరివాళ్లు ఏదైనా అడగొచ్చు. ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె, హైస్కూలు బ్యాండు పిల్లలు అమ్మే ఆపిల్ పైలు. ఆ పిల్లల్లో చనిపోయిన పిల్లవాడి అక్క కూడా ఉంది. పద్నాలుగేళ్లొచ్చాయి. ఇప్పుడు ఇక్కడే ఒక మంచి ఇంట్లో దత్తతకు పోయి, వేరే ఇంటిపేరుతో పెరుగుతోంది. పేరు చెప్పను.

ఒకాయన లేచి నిలబడ్డాడు. "మేడమ్, పిల్లవాణ్ణి మీరే పంపారా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

నా చెయ్యి బ్యాగులోకి పోయింది. వర్నా వేదిక మీంచి నన్నే చూస్తోంది.

"నడీన్, బ్యాగు మూసెయ్" అంది అందరి ముందూ. తరవాత అతని వైపు తిరిగి, "ఆ కేసు గురించి నేను మాట్లాడలేనండి" అని కూర్చుంది. వెనక నుంచి ఎవరో "సిగ్గులేదు" అన్నారు.

బయట ట్రక్కు దగ్గర నేను విరుచుకుపడ్డాను. "ఎవర్ని కాపాడుతున్నావే? ఆ హార్వేగాణ్ణా?"

"హార్వే సంగతి నాకెందుకు? ఆ కాగితం బయటికొస్తే పేపర్లో ఏం వస్తుందో ఆలోచించావా? అక్క వెళ్తానంది కాబట్టి పంపారు అని వస్తుంది. ఆ పిల్ల అది చదువుతుంది."

అంత కోపంలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

అప్పుడే ఆ పిల్ల మా వెనకే వచ్చి నిలబడింది. చేతులకి ఆపిల్ పైల మీది పంచదార అంటుకుని ఉంది.

"మేడమ్, మిమ్మల్ని ఒకటడగాలి" అంది. "నాకు కొంచెం గుర్తుంది. ఒక గదిలో ఒక పెద్దాయన నన్ను ఏదో అడిగాడు. ఇంటికెళ్తానని చెప్పాను. నేనలా అన్నందుకేనా మమ్మల్ని పంపేశారు?"

ఇన్నేళ్లలో వర్నా అబద్ధం ఆడగా నేను వినలేదు. పిల్లలతో అసలే కాదు.

"కాదమ్మా" అంది. "చిన్నపిల్లలు చెప్పింది మేం లెక్కలోకి తీసుకోం. నువ్వేం చెప్పినా, చెప్పకపోయినా అదే జరిగేది. పంపింది నేను. నీ మాటకీ దానికీ ఏ సంబంధం లేదు."

"మీరేనా?"

"నేనే."

ఆ పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. "అయితే వాడు మీవల్లే చచ్చిపోయాడు" అంది.

"అవును" అంది వర్నా.

పిల్ల పరుగెత్తుకుంటూ లోపలికి పోయింది.

"ఇది రేపటికల్లా ఊరంతా పాకుతుంది. నువ్వు ఓడిపోయావు, తెలుసా?" అన్నాను.

"తెలుసు. ఎక్కు, నా మోకాళ్లు నెప్పెడుతున్నాయి."

సోమవారం నకలు చింపి పారేసి, పనిలో పడ్డాను. బుధవారానికి మోబర్లీ కొత్త కరపత్రం వచ్చింది. "పిల్లల మాట వింటుంది" అన్న మా బోర్డు ఫొటో, దాని కింద పెద్ద అక్షరాల్లో: "చిన్నపిల్లలు చెప్పింది మేం లెక్కలోకి తీసుకోం." ఆ మాట అతనికి ఎవరు చేరవేశారో నేను అడగలేదు. కొండమీది ముసలాయన తన బోర్డు పీకి, విసిరెయ్యకుండా ట్రక్కులో తనే తెచ్చి మా కోర్టు మెట్ల దగ్గర పెట్టి వెళ్లాడు. ఆ మర్యాద ఇంకా బాధగా అనిపించింది. మూడింట రెండొంతుల ఓట్లు మోబర్లీకి పడ్డాయి.

కొత్త జడ్జి తన మేజిస్ట్రేటును తను పెట్టుకుంటాడు. వర్నాని మర్యాదగానే పంపేశారు. ఇప్పుడు సుత్తులూ మేకులూ అమ్మే కొట్టు పైగదిలో వీలునామాలు రాస్తోంది. వచ్చేవాళ్లు తక్కువ. వీధిలో కొందరు ఆవిణ్ణి చూసి అవతలి పక్కకి దాటుతారు. అలా దాటిన ప్రతివాడి దగ్గరికీ వెళ్లి నిజం చెప్పాలని నా నాలుక దురద పెడుతుంది.

మార్చిలో కిరాణా కొట్లో ఆ అమ్మాయి పెంపుడు తల్లి కనిపించింది. నేను వర్నా స్నేహితురాలినని ఆవిడకి తెలియదు.

"మా పిల్ల మళ్లీ మనిషయిందండీ" అంది సంబరంగా. "ఎనిమిదేళ్లు నిద్రలో ఏడ్చింది. అంతా నావల్లే, నావల్లే అని. ఆ టక్కెట్ తన నోటితో తనే ఒప్పుకుందట కదా, ఆరోజు నుంచీ ఆ ఏడుపు లేదు. ఆవిడ ఓడిపోయిన రోజు మా ఇంట్లో కేకు చేసుకున్నాం."

"మంచి పని చేశారు" అన్నాను.

సరుకులు అక్కడే వదిలేసి వర్నా గదికి మెట్లెక్కాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుమిట్టాడాను, చివరికి మొత్తం చెప్పేశాను, కేకు సంగతితో సహా. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఏం కేకు?" అంది.

"చాక్లెట్టట."

"పిల్ల తిందా?"

"రెండు ముక్కలు తిందట" అన్నాను.