బోణీ బేరానికి కొన్న రేడియేటర్

అరవై ఎనిమిది వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు మీదుగా నీళ్ళు పారించాలన్న ఆలోచన పూర్తిగా నాదే. అందులో ఇంకెవరికీ వాటా లేదు. ఆ కార్డు నాది కాదు, మా ఆవిడది. మూడు సీజన్లు మెడ పట్టేసేలా కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి కొనుక్కుంది. అయినా నా లెక్క చూడండి: దుకాణాయన ముప్ఫై ఆరు వేలు అడిగిన పనిని నేను ఇరవై ఏడు వేల చిల్లరకి తేల్చేశాను. ఇంత తెలివైన తప్పు మా రాజమండ్రిలో ఇంకొకరు చేసి ఉండరు.

మాది పాత్రల కొట్టు. రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, ఈమధ్య ఎక్కువగా స్టీలు. కొట్టులో పుట్టి పెరిగినవాడికి ఒక జబ్బు ఉంటుంది. చెప్పిన ధరకి వస్తువు కొంటే ఆ పూట అన్నం సహించదు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి, పిలుస్తారేమోనని మూడో అడుగు నెమ్మదిగా వేస్తాను. పిలవకపోతే ఏదో మర్చిపోయినవాడిలా నేనే తిరిగి వస్తాను. మా ఆవిడ అప్పుడు నన్నెరగనట్టు పక్క బండి దగ్గర నిలబడుతుంది.

మా ఇంట్లో ఉన్నది గేమింగ్ కంప్యూటర్. కారు పందేలు ఆడుకోవడానికి నేనే ముచ్చటపడి కట్టించుకున్నాను. తర్వాత మా ఆవిడ దాని మీద పని మొదలుపెట్టింది, పని పెరిగింది, పాత కార్డు చాలక తన సంపాదనతో కొత్తది వేయించింది. అప్పటినుంచి పగలంతా ఆవిడది, సాయంత్రం రెండు గంటలు నాది. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరికీ తంటాయే. కార్డు వేడి ఎనభై ఎనిమిది డిగ్రీల దాకా ఎక్కేది, ఫ్యాన్లు పిండిమరలా మోగేవి, ఆపైన కంప్యూటరే చతికిలబడేది. మాటలు వినబడక ఆవిడ హెడ్‌ఫోన్స్ మీద తువ్వాలు చుట్టుకుని పనిచేసిన రోజులున్నాయి.

దీనికి మందు వాటర్ కూలింగ్. వేడెక్కే చిప్పుల మీద రాగి దిమ్మలు బిగిస్తారు. వాటిలోంచి పారే నీళ్ళు వేడిని పట్టుకుని రేడియేటర్‌లోకి వెళ్తాయి, అక్కడ ఫ్యాన్ల గాలికి చల్లారతాయి, చిన్న పంపు వాటిని మళ్ళీ తిప్పుతుంది. కారు ఇంజన్‌లో జరిగేదే. మా ఊళ్ళో కంప్యూటర్ల దుకాణాయన సామాను, బిగింపు, ఏడాది గ్యారంటీ అన్నీ కలిపి ముప్ఫై ఆరు వేలన్నాడు.

"ఇచ్చే ధర చెప్పండి," అన్నాను.

"చెప్పాను కదండీ, ముప్ఫై ఆరు."

"అది చెప్పే ధర. ఇచ్చే ధర?"

"మా దగ్గర రెండూ ఒకటేనండి."

అలాంటి కొట్టు ఎలా నడుస్తుందో నాకు అర్థం కాలేదు. రెండడుగులు వేశాను. పిలవలేదు. మెట్లు దిగాను. పిలవలేదు. స్కూటర్ స్టార్ట్ చేసి కాసేపు ఊరికే మోగించాను. ఆయన టీ తెప్పించుకుని తాగుతున్నాడు.

ఇంటికొచ్చి, "నేనే బిగిస్తాను" అన్నాను. మా ఆవిడ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"మీరు కుళాయి వాషర్ మార్చిన రోజు గుర్తుందాండీ? కింద వాటా ఆవిడ గొడుగేసుకుని వచ్చి తలుపు కొట్టారు."

"అది వాషర్ తప్పు."

"సరే. ఒక్క మాట చెప్తున్నాను. ఈ కార్డు పోతే మీకు పోయేది ఆట. నాకు పోయేది సీజను. దీని మీద ఒక్క చుక్క పడకూడదు."

పడదన్నాను. మాటిచ్చేటప్పుడు నేనెప్పుడూ బేరం ఆడను.

సామాను ఒకచోట కొంటే మనకి విలువుండదు కాబట్టి ఒక్కోటి ఒక్కోచోట కొన్నాను. రాగి దిమ్మలు రెండూ ఒకరి దగ్గర, పంపూ నీళ్ళ తొట్టీ ఇంకొకరి దగ్గర. మిగిలింది రేడియేటర్. చూసిన ప్రతి వీడియోలోనూ ఒకే మాట చెప్పారు. దిమ్మలు రాగివైతే రేడియేటరూ రాగిదే ఉండాలి. అల్యూమినియం కలిసిందా, ఆ రెండిటికీ ఒకే నీళ్ళలో పొసగదు. అల్యూమినియం కొంచెం కొంచెంగా తినుకుపోయి చివరికి చిల్లు పడుతుంది. పాత్రల కొట్టువాడికి రాగి సంగతి వీళ్ళు చెబుతున్నారని నవ్వుకున్నాను.

కాకినాడలో పాత కంప్యూటర్ సామాన్లమ్మే కొట్టు ఉందని తెలిసింది. అక్కడే నా కుటుంబ విద్య అంతా బయటికి తీశాను. ఏ వ్యాపారీ మొదటి బేరాన్ని ఉత్తచేతులతో పంపడు. బోణీ తప్పిపోతే రోజంతా గల్లా మోగదని మా అందరి భయం. కాబట్టి పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఆయన షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి గుచ్చి తిరిగేసరికి ఎదురుగా నిలబడ్డాను.

"ఇది కాపరేనా అండీ?"

"ఆయ్, కాపరేనండి. ఆరు వేల ఐదొందలు."

"రెండున్నర."

"బోణీ వేళండి, మరీ అలా అడిగితే ఎలాగండి?"

"బోణీ వేళనే అడుగుతున్నానండి. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను."

ఒక అడుగే వేశాను. పిలిచాడు. మూడు వేల వందకి తెగింది. నల్ల రంగేసి నిగనిగలాడుతోంది. డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకుంటూ ఆయన నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వనుకున్నాను. తిరుగు బస్సులో సీటు దొరక్క పెట్టెని రామచంద్రపురం దాకా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎంత తేలిగ్గా ఉందో అని సంతోషించాను కూడా. ఇది నేను రాసుకుంటున్న మాట కాబట్టి దాచడం లేదు. మూడు తరాలుగా లోహం తూచి అమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి, రాగి తేలిగ్గా ఉందని సంతోషించాను.

బిగించే రోజు మా నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్, కరెంటు పెట్టెలో నీళ్ళేంట్రా?"

"నీళ్ళు పైపుల్లో ఉంటాయి నాన్నా. బయటికి రావు."

"పైపులో నీళ్ళు పైపులోనే ఉంటే మున్సిపాలిటీ వాళ్ళకి పనేముంటుంది రా?"

పైపుని ముందు కొలిచి, తర్వాత కోసి, ఆ తర్వాత పొట్టిగా వచ్చిందని తెలుసుకుని, ఇంకో ముక్క కోశాను. రేడియేటర్ కంప్యూటర్ పెట్టె పైభాగంలో కూర్చుంది, కార్డుకి సరిగ్గా నెత్తి మీద. పోయడానికి రంగు కూలెంట్ లీటరు పదకొండు వందలట. నీళ్ళకి పదకొండు వందలా అని నవ్వి, ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టులో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొన్నాను. నూట పది చెబితే వందకి తెంపాను.

మొత్తం కంప్యూటర్‌కి కరెంటివ్వకుండా పంపు ఒక్కదాన్నే ఒక రోజంతా తిప్పి చూడాలి. ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితాలు పరిచాం. మధ్యాహ్నం ఒక కాగితం తడిసింది. మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. కాగితం వాసన చూస్తే మజ్జిగ. మా నాన్న గ్లాసు ఆ కాగితం పక్కనే పెట్టుకున్నాడు. ఆయన్ని కుర్చీతో సహా వరండాలోకి పంపేశాం.

మర్నాటికి కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. కరెంటిచ్చాం. వేడి అరవై ఒకటి దగ్గర ఆగింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. వీడియోలో గట్టిమేళం వెనక పెళ్ళికొడుకు "ఇంకా ఎంతసేపండీ" అని పంతులుగారిని అడగడం కూడా వినబడుతోందని మా ఆవిడ నవ్వింది. ఆ పూట నేనడక్కుండానే పెసరట్టు ఉప్మా వచ్చింది. కొట్టుకి బిందె కోసం వచ్చినవాళ్ళకి కూడా నా ఇరవై ఏడు వేల కథ చెప్పాను. ఒకాయన బిందె కొనకుండానే వెళ్ళిపోయాడు.

నెల దాటింది. తొట్టిలో నీళ్ళు కాస్త తెల్లబడ్డాయి. వెలుతురు అలా పడుతోందని మా ఆవిడతో అన్నాను, నాతో నేనూ అదే అనుకున్నాను. ఒక పొద్దున్న మా నాన్న కళ్ళజోడు వెతుక్కుంటూ ఆ గదిలోకి వచ్చాడు. మా ఆవిడ పనిలో ఉంది. నాలుగు రోజుల్లో ఇవ్వాల్సిన పెళ్ళి వీడియో అది. ఆయన వంగి తొట్టిలోకి చూశాడు.

"ఏమ్మా, ఇందులో బియ్యం కడిగారా?"

"లేదండీ మావయ్యగారూ, మీ అబ్బాయిగారు వెలుతురంటున్నారు."

"ఒరేయ్, ఇలా రా. ఇందులో రాగితోపాటు అల్యూమినియం ఏముంది రా?"

"లేదు నాన్నా, అంతా రాగే."

"కాదు. గోడౌన్‌లోకి వాన నీళ్ళొచ్చిన ఏడాది రాగి బిందెలు అల్యూమినియం డేగిసాల్లో పెట్టి మర్చిపోయాం, గుర్తుందా? తీసేసరికి అడుగున ఇదే తెలుపు. ముందు ఆపించు దీన్ని."

మా ఆవిడ పని వేరే డిస్క్‌లోకి ఎక్కించుకుని కంప్యూటర్ ఆపింది. నేను మూత తీశాను. రేడియేటర్ అంచున చిన్న తెల్లటి పొక్కు, దాని చివర తడి. ఇంకా చుక్క కాలేదు, కావడానికి సిద్ధంగా ఉంది. దాని కింద జానెడు దూరంలో కార్డు. మా ఆవిడ ఆ తడి వైపు చూసింది, కార్డు వైపు చూసింది, నా వైపు మాత్రం చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ళు తోడేసి రేడియేటర్ విప్పి మా నాన్న చేతిలో పెట్టాను. పట్టుకోగానే ఆయన మొహం మారింది. ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. కొట్టులోంచి ఆకురాయి తెప్పించి మూల మీద రంగు గీకాడు. ఎర్రగా మెరవాల్సిన చోట తెల్లగా మెరిసింది.

"ఏం చూసి కొన్నావు రా?"

"ధర."

"ఎంత తగ్గించాడు?"

"ఆరున్నర చెప్పి మూడు వేల వందకిచ్చాడు."

"బోణీకి వెళ్ళావా?"

అవునన్నాను. ఆయన నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

"ఒరేయ్, బోణీకి ఎగబడొచ్చే బేరగాడికి మనమేం అంటగడతాం రా? మూలనపడి ఉన్నది చూసి ఇస్తాం కదా. వంకర అంచు గంగాళం నువ్వే ఇచ్చావు మొన్న ఒకాయనకి!"

నిజమే. ఇచ్చాను. అది తీసుకున్నాయన కూడా గెలిచినట్టే నవ్వుతూ వెళ్ళాడు.

వీడియో ఆగడానికి వీల్లేదు. మా ఆవిడ ఒక స్టూడియోలో రెండు రోజులు కంప్యూటర్ అద్దెకి తీసుకుంది. వెళ్ళే ముందు నన్ను ముప్ఫై ఆరు వేల దుకాణానికి తీసుకెళ్ళింది. స్కూటర్ దిగుతూ ఒకటే షరతు పెట్టింది: "లోపల మీరు మాట్లాడకండి."

రాగి రేడియేటర్ ఏడు వేల ఎనిమిది వందలన్నాడాయన. నేను గోడ మీది గడియారం చూస్తున్నాను. ఆయనకి తోచలేదు.

"ఏంటండీ, ఏమీ అనరేంటి? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి," అంది మా ఆవిడ. "మొక్కుకున్నారు."

నేను మాట్లాడలేదు. రేడియేటర్ చేత్తో ఎత్తి చూసి, జేబులోంచి ఆకురాయి మాత్రం తీశాను.

"అయ్యబాబోయ్, దాంతో గీకకండి! కావాలంటే తూచి చూపిస్తాను," అని ఆయన పార్సిల్ తూకం మీద పెట్టాడు. కేజీ మూడొందల గ్రాములు. చెయ్యి ముందే చెప్పింది, ముల్లు తర్వాత చెప్పింది. కూలెంట్ కూడా చెప్పిన ధరకే తీసుకున్నాం. ఆ పూట అన్నం సహించింది, అదే విచిత్రం.

రాగి దిమ్మలు విప్పితే లోపలి సన్నటి గాడుల్లో తెల్లటి పిండి. మా నాన్న అన్నీ తనే చేస్తానని పట్టుబట్టి, చింతపండు నానబెట్టించి, పాత టూత్‌బ్రష్‌తో రాగి చెంబు తోమినట్టు తోమాడు. మంచి నీళ్ళతో పదిసార్లు కడిగి ఆరబెట్టాం. మళ్ళీ కాగితాలు పరిచాం. ఈసారి మజ్జిగ గ్లాసు వరండాలోనే ఉంది. రెండో రోజు సాయంత్రం కరెంటిచ్చాం. కార్డు వెలిగింది. మా ఆవిడ అరగంట దాని ముందే కూర్చుని వేడి అంకె చూసింది, అరవై దాటలేదు. అప్పుడు నా వైపు చూసింది.

"బిల్లు తెండి," అంది. "చిత్తుది కాదు, అసలుది."

కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. దిమ్మలు రెండూ పన్నెండు వేల నాలుగొందలు. పంపూ తొట్టీ ఐదు వేల రెండొందలు. కాకినాడ విజయం మూడు వేల వంద. ఫ్యాన్లు రెండు వేల వంద, పైపులూ అతుకులూ నాలుగు వేల మూడొందలు, బ్యాటరీ నీళ్ళు వంద, బస్సు నూట అరవై. ఇక్కడికి ఇరవై ఏడు వేల మూడొందల అరవై. ఇన్నాళ్ళూ నేను ఊరంతా చెప్పుకున్న లెక్క ఇక్కడ ఆగేది.

ఆవిడ ఆపనివ్వలేదు. రాగి రేడియేటర్ ఏడు వేల ఎనిమిదొందలు. మళ్ళీ పైపులు, చిప్పుకీ దిమ్మకీ మధ్య రాసే పేస్టు పదహారొందల యాభై. కడగడానికి మూడు డబ్బాల నీళ్ళు మూడొందల ముప్ఫై, కూలెంట్ పదకొండొందలు. స్టూడియో అద్దె పదహారొందలు. వీడియో రెండు రోజులు ఆలస్యమైనందుకు పెళ్ళివారికి ఆవిడ తగ్గించినది మూడు వేలు. అది కూడా నా ఖర్చేనని నేనే రాశాను. మొత్తం నలభై రెండు వేల ఎనిమిదొందల నలభై.

ఇందులో రాబడి ఒకటుంది. పాత రేడియేటర్‌ని మా కొట్టులోనే తుక్కుకి వేశాను. ఆరొందల యాభై గ్రాములు తూగింది. కేజీ నూట యాభై లెక్కన తొంభై ఏడున్నర రావాలి. రంగు బరువుకి తరుగు తీసి మా నాన్న తొంభై ఇచ్చాడు. పోట్లాడాను. రెండడుగులు కూడా వేశాను. కన్నకొడుకునని కూడా పిలవలేదు.

"చింతపండు రాయలేదు," అంది మా ఆవిడ. ఇరవై రాశాను.

నలభై రెండు వేల ఏడొందల డెబ్బై. ముప్ఫై ఆరు వేల పనికి. ఆరు వేల ఏడొందల డెబ్బై ఎక్కువ.